ఇంప్రెస్‌లో స్లైడ్‌లు: ఖర్చు లేకుండా, పరాయి కంప్యూటర్లోనూ చెదరకుండా

స్లైడ్‌లు తయారుచేసిన కంప్యూటర్లో బాగానే ఉంటాయి. అసలు గొడవ ప్రొజెక్టర్‌కు తగిలించిన ఇంకో కంప్యూటర్లో తెరిచినప్పుడు మొదలవుతుంది. అక్షరాలు వేరే ఫాంట్‌లోకి మారిపోతాయి, వాక్యాలు పెట్టె దాటి కిందికి జారతాయి, వీడియో ఉండాల్సిన చోట నల్లటి డబ్బా కనిపిస్తుంది. అప్పుడు చాలామంది ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లోనూ ఇవే తప్పులు ఇలాగే జరుగుతాయి. పనిని ఏ వరుసలో చేశాం, ఫైలును ఏ రూపంలో పంపాం అన్నవే తేడా తెచ్చేవి. ముందు మాటలు, తర్వాత అన్ని స్లైడ్‌లకూ అచ్చుగా ఉండే మాస్టర్ స్లైడ్, ఆ తర్వాతే బొమ్మలు. ఈ వరుస తప్పితే ఒక్కో స్లైడ్‌నూ చేత్తో సరిదిద్దుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా లిబ్రెఆఫీస్ ఇంప్రెస్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నదే. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడివడి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. నెట్ లేకున్నా పనిచేస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. నలుగురైదుగురు ఒకే ఫైలు మీద ఒకేసారి పనిచేయాలంటే గూగుల్ స్లైడ్స్ మేలు. మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంటే బ్రౌజర్లో పవర్‌పాయింట్ కూడా ఉచితంగానే వస్తుంది. అవతలివాళ్లు పవర్‌పాయింట్‌లో తెరుస్తారని తెలిసినప్పుడు చివరి తనిఖీకి అది బాగా పనికొస్తుంది. మెనూల పేర్లు ఇంగ్లీషు ఇంటర్‌ఫేస్‌లో ఉన్నట్టే ఇస్తున్నాం. వెర్షన్‌ను బట్టి ఒకటీ అరా చోటు మారవచ్చు.

అన్నిటికన్నా ముందు స్లైడ్ కొలత

కొత్త ఫైలు తెరవగానే స్లైడ్ మెనూలో స్లైడ్ ప్రాపర్టీస్‌కు వెళ్లి కొలత చూడండి. ఇప్పటి ఇంప్రెస్‌లో మామూలుగా 16:9 ఉంటుంది, అంటే 28 సెంటీమీటర్ల వెడల్పు, 15.75 సెంటీమీటర్ల ఎత్తు. టీవీలకూ కొత్త ప్రొజెక్టర్లకూ ఇది సరిపోతుంది. పాత ప్రొజెక్టర్లు మాత్రం 1024×768 పిక్సెళ్లవి, అంటే 4:3. వాటి మీద 16:9 స్లైడ్ వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి తెర ఎత్తులో 75 శాతమే వాడుకలోకి వస్తుంది. అక్షరాలూ ఆ మేరకు చిన్నవవుతాయి. కాబట్టి ఎక్కడ చూపించబోతున్నారో ముందే కనుక్కోండి. తెలియకపోతే 16:9 ఉంచి అక్షరాల సైజు ఒక మెట్టు పెంచండి.

పని సగమయ్యాక కొలత మారుస్తే బొమ్మలు సాగిపోతాయి, పెట్టెలు పక్కకు జరుగుతాయి. అందుకే దీన్ని మొదటి నిమిషంలోనే తేల్చుకోవాలి.

మాటలు అవుట్‌లైన్‌లో రాయండి

ఖాళీ స్లైడ్ ముందు కూర్చుంటే చెయ్యి రంగుల మీదికే పోతుంది. ఆ ఆశ తప్పించడానికి వ్యూ మెనూలో అవుట్‌లైన్ ఎంచుకోండి. స్లైడ్‌లన్నీ ఒక జాబితాలా కనిపిస్తాయి. శీర్షిక రాసి ఎంటర్ కొడితే తర్వాతి స్లైడ్ పుడుతుంది. ట్యాబ్ నొక్కితే ఆ వరుస పై శీర్షిక కింద అంశంగా మారుతుంది, షిఫ్ట్‌తో కలిపి ట్యాబ్ నొక్కితే మళ్లీ పైకి వస్తుంది. విషయం ఇప్పటికే రైటర్‌లో (లిబ్రెఆఫీస్‌లో వ్యాసాలు, ఉత్తరాలు రాసుకునే భాగం) హెడింగ్ స్టైళ్లతో రాసి ఉంటే ఇంకా సులువు. అక్కడి ఫైల్ మెనూలో సెండ్ కింద ఉన్న అవుట్‌లైన్ టు ప్రెజెంటేషన్ నొక్కితే హెడింగులన్నీ స్లైడ్‌లై కూర్చుంటాయి.

శీర్షికను ఒక్క మాటలో సరిపెట్టకుండా వాక్యంగా రాయండి. ‘అమ్మకాలు’ అని రాస్తే చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ‘సరఫరా ఆలస్యం కావడంతో అమ్మకాలు తగ్గాయి’ అంటే కింద పటం ఎందుకుందో వెంటనే అర్థమవుతుంది. వాక్యం రాయలేకపోతున్నారంటే ఆ స్లైడ్‌లో చెప్పాల్సింది ఇంకా తేలలేదన్నమాట. అలాంటిదాన్ని తీసేయడమో పక్కదానిలో కలపడమో చేయండి.

మీరు నోటితో చెప్పబోయే వివరమంతా స్లైడ్ మీద రాయొద్దు. దాని చోటు నోట్స్‌లో. వ్యూ మెనూలో నోట్స్ తెరిస్తే ప్రతి స్లైడ్ కిందా రాసుకునే పెట్టె ఉంటుంది. అది తెర మీద కనబడదు, కావాలంటే ప్రింట్ తీసుకోవచ్చు.

మాస్టర్ స్లైడ్: ఇక్కడ అరగంట ఆగండి

ఇంప్రెస్ వాడేవాళ్లలో చాలామంది తెరవని గది ఇది. వ్యూ మెనూలో మాస్టర్ స్లైడ్ నొక్కితే అన్ని స్లైడ్‌లకూ మూలమైన అచ్చు తెరుచుకుంటుంది. బ్యాక్‌గ్రౌండ్, శీర్షిక ఫాంట్, బుల్లెట్ రూపం, లోగో, స్లైడ్ నంబరు అన్నీ ఇక్కడే పెట్టాలి. ఇక్కడ ఒక్కసారి మారిస్తే 40 స్లైడ్‌లలోనూ మారుతుంది.

1. శీర్షిక పెట్టెను ఎంచుకుని ఫాంట్, సైజు, రంగు ఇవ్వండి. మధ్యకు కాకుండా ఎడమకు సర్దితే రెండు వరుసల శీర్షిక కూడా చక్కగా ఉంటుంది.
2. కింది పెద్ద పెట్టెలో మొదటి రెండు స్థాయిల బుల్లెట్లకు మాత్రమే సైజు ఇవ్వండి. మూడో స్థాయి అవసరమైందంటే ఆ స్లైడ్‌ను రెండుగా విడగొట్టాలి.
3. నాలుగు అంచుల్లోనూ కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ ఖాళీ వదలండి. కొన్ని టీవీలు చిత్రం అంచులను కొద్దిగా కోసి చూపిస్తాయి.
4. లోగోను ఒక మూల చిన్నగా పెట్టండి.
5. క్లోజ్ మాస్టర్ వ్యూ నొక్కి బయటికి రండి.
6. ఇన్సర్ట్ మెనూలో హెడర్ అండ్ ఫుటర్ తెరిచి స్లైడ్ నంబరుకు టిక్ పెట్టండి, మొదటి స్లైడ్‌లో చూపవద్దనే టిక్ కూడా పెట్టి, అన్నిటికీ వర్తింపజేయండి.

ఈ శ్రమ ఫలించాలంటే మాటలన్నీ లేఅవుట్‌తో వచ్చే పెట్టెల్లోనే రాయాలి. టెక్స్ట్ బాక్స్ గీసి అందులో రాసిన మాటలు మాస్టర్ మాట వినవు, అవుట్‌లైన్‌లో కనిపించవు. ‘మాస్టర్‌లో మార్చినా ఇక్కడ మారలేదు’ అన్న ఫిర్యాదుకు పదింట తొమ్మిదిసార్లు ఇదే కారణం. టెక్స్ట్ బాక్స్‌ను బొమ్మ మీద చిన్న లేబుల్ రాయడానికి దాచుకోండి. మిగతా కారణం అతికించిన టెక్స్ట్. వేరేచోట నుంచి కాపీ చేసినది తన ఫాంట్‌నూ రంగునూ వెంటబెట్టుకుని వస్తుంది. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకుని వి నొక్కితే మాటలు మాత్రమే వస్తాయి.

మరో చిక్కు, తనంతట తాను కుదించుకునే పెట్టె. మాటలు ఎక్కువైతే ఇంప్రెస్ అక్షరాలను చిన్నవి చేసి ఇరికిస్తుంది. ఒక స్లైడ్‌లో 26, ఇంకోదానిలో 19, మరోదానిలో 15 సైజు వచ్చిందంటే ఇదే పని. పెట్టెపై రైట్‌క్లిక్ చేసి ఆటోఫిట్‌ను ఆపేయండి. అప్పుడు మాటలు పొంగి బయటికొస్తాయి, ఎక్కడ కోయాలో కంటికి కనిపిస్తుంది.

అంతా కుదిరాక ఫైల్ మెనూలో టెంప్లేట్స్ కింద సేవ్ యాజ్ టెంప్లేట్ చేసుకుంటే వచ్చేసారి ఈ అరగంటా మిగులుతుంది.

తెలుగు అక్షరాల సంగతి

లిబ్రెఆఫీస్ తెలుగును కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ లిపిగా, అంటే అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసి రూపం మారే లిపిగా చూస్తుంది. ఒకే పేరాలో ఇంగ్లీషుకు ఒక ఫాంట్, తెలుగుకు ఇంకో ఫాంట్ విడివిడిగా పెట్టుకుంటుంది. మాస్టర్‌లో ఇంగ్లీషు ఫాంట్ మార్చి, తెలుగు ఎందుకు మారలేదా అని తల పట్టుకునేది ఇక్కడే. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. ఇకమీదట ఫార్మాట్ మెనూలోని క్యారెక్టర్ డైలాగ్‌లో రెండు ఫాంట్లకూ వేర్వేరు చోట్లు కనిపిస్తాయి. రెండింటికీ సైజు మీరే ఇవ్వాలి.

ఫాంట్ ఎంపికలో తొందర వద్దు. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ సిస్టమ్‌తోనే వస్తుంది. గౌతమి, వాణి పాత విండోస్‌లలో ఉండేవి. విండోస్ 10 నుంచి అవి విడిగా చేర్చుకోవాల్సిన ఫాంట్లు, అందుకే పాత ఫైళ్లు కొత్త కంప్యూటర్లలో రూపం మారతాయి. ఉచితంగా దొరికేవాటిలో నోటో సాన్స్ తెలుగు, మండలి మామూలు టెక్స్ట్‌కు బాగుంటాయి. రామభద్ర లావైనది కాబట్టి శీర్షికకే సరి. ఇటాలిక్ జోలికి పోవద్దు. చాలా తెలుగు ఫాంట్లకు అసలు ఇటాలిక్ లేదు, సాఫ్ట్‌వేరే అక్షరాలను పక్కకు వంచి చూపిస్తుంది. గుండ్రటి లిపిని వంచితే అది తూలుతున్నట్టే ఉంటుంది.

తెలుగు వరుసకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కనుక ఇంగ్లీషుకు సరిపోయే ఎడం చాలదు. పేరాగ్రాఫ్ డైలాగ్‌లో లైన్ స్పేసింగ్‌ను ప్రొపోర్షనల్ చేసి 110 నుంచి 120 శాతం ఇవ్వండి. చోటు చాలడం లేదని 100 కంటే తగ్గిస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

డీటీపీ కోసం పాత అను ఫాంట్లలో టైప్ చేసిన విషయాన్ని నేరుగా అతికిస్తే పనికిరాదు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల సంకేత పద్ధతి) కాదు. ఆ ఫాంట్ లేని చోట పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే టెక్స్ట్‌ను ఎంచుకుని నోటోకు మార్చి చూడండి. తెలుగుగానే నిలిస్తే యూనికోడ్, గజిబిజి అయితే ముందు కన్వర్టర్‌లో మార్చుకోవాలి. మార్చాక సంయుక్తాక్షరాలను ఒక్కొక్కటీ చదివి చూసుకోండి, తప్పులు ఎక్కువగా వాటి దగ్గరే దొర్లుతాయి.

అక్షరం ఎంత ఉండాలి

‘24 పాయింట్లు ఉంటే చాలు’ అనే సలహా సగమే నిజం. పాయింట్ అనేది స్లైడ్ కొలతతో ముడిపడిన లెక్క. ఇంప్రెస్ 16:9 స్లైడ్ ఎత్తు దాదాపు 446 పాయింట్లు. పవర్‌పాయింట్‌ది 19.05 సెంటీమీటర్లు, అంటే 540 పాయింట్లు. గూగుల్ స్లైడ్స్‌ది 405. పవర్‌పాయింట్‌లో 28 పాయింట్ల అక్షరం తెర మీద ఎంత ఎత్తు కనిపిస్తుందో, ఇంప్రెస్‌లో 23, గూగుల్ స్లైడ్స్‌లో 21 అంతే ఎత్తు కనిపిస్తాయి. స్లైడ్ ఎత్తులో ఇరవయ్యో వంతును కనీసంగా పెట్టుకోండి, ఇంప్రెస్‌లో అది 22. తెలుగులో ఒత్తులు మరీ చిన్నవిగా ఉంటాయి కాబట్టి 24 నుంచి 28 మధ్య ఉంచడం క్షేమం. శీర్షికకు 36 నుంచి 40.

హాలుకు వెళ్లకుండానే పరీక్షించే పద్ధతి ఒకటుంది. తెర వెడల్పు 2 మీటర్లు, చివరి వరుస 10 మీటర్ల దూరంలో ఉందనుకోండి. దూరం వెడల్పుకు 5 రెట్లు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు 34 సెంటీమీటర్ల చిల్లర, దానికి 5 రెట్లంటే సుమారు 1.7 మీటర్లు. స్లైడ్‌షో నిండు తెరలో పెట్టి అంత దూరం వెనక్కి జరిగి చదవండి. చదవలేకపోతే చివరి వరుసవాళ్లూ చదవలేరు.

రంగుల విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ప్రొజెక్టర్ నలుపును వెయ్యలేదు. నలుపు అన్నచోట వెలుతురు పంపడం ఆపుతుంది, అంతే. గదిలో దీపాలు వెలుగుతుంటే ఆ చోట తెర రంగే కనిపిస్తుంది. అందుకే ల్యాప్‌టాప్‌లో రాజసంగా కనిపించే ముదురు నీలం బ్యాక్‌గ్రౌండ్ వెలుతురున్న గదిలో వెలిసిపోయిన బూడిద రంగవుతుంది. వెలుతురున్న గదికి తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ముదురు అక్షరాలే నమ్మకమైనవి. చీకటి గదికి, టీవీకి ముదురు బ్యాక్‌గ్రౌండ్ పర్వాలేదు. లేత బూడిద, పసుపు అక్షరాలు తెలుపు మీద ఎక్కడా నిలవవు. ఎరుపు, ఆకుపచ్చల తేడా కనిపించనివాళ్లు ప్రతి పెద్ద గుంపులోనూ ఉంటారు. మంచి చెడులను ఆ రెండు రంగులతోనే చెప్పకుండా పక్కన మాట కూడా రాయండి.

బొమ్మలు, పటాలు

ఫోన్ ఫోటో 4000×3000 పిక్సెళ్లుంటుంది, ఒక్కోటీ కొన్ని మెగాబైట్లు. మామూలు తెర మీద అడ్డంగా కనిపించేవి 1920 పిక్సెళ్లే. మిగతాదంతా ఫైలును బరువెక్కించి పాత కంప్యూటర్‌ను నత్తనడక నడిపిస్తుంది. బొమ్మపై రైట్‌క్లిక్ చేసి కంప్రెస్ ఎంచుకుని 150 లేదా 200 డీపీఐ (అంగుళానికి ఇన్ని పిక్సెళ్లు అనే లెక్క) ఇవ్వండి. 28 సెంటీమీటర్ల స్లైడ్ అంటే 11 అంగుళాలు, 1920ని 11తో భాగిస్తే 174 వస్తుంది కదా. మొత్తం ఫైలును ఒకేసారి తగ్గించాలంటే టూల్స్‌లో మినిమైజ్ ప్రెజెంటేషన్ ఉంది.

క్రాప్ చేసిన భాగం నిజంగా పోదు, దాగుతుంది. ఫైలు అందుకున్నవారు దాన్ని మళ్లీ బయటికి లాగవచ్చు. చూపించకూడనిది ఏదైనా కోసి ఉంటే, ఇందాకటి మినిమైజ్ ప్రెజెంటేషన్‌లో కోసిన భాగాలు తొలగించమనే టిక్ పెట్టండి. బొమ్మ చేర్చేటప్పుడు లింక్ అనే టిక్ మాత్రం పెట్టొద్దు. పెడితే ఫైలులోకి బొమ్మ రాదు, దాని చిరునామా మాత్రమే వస్తుంది. ఇంకో కంప్యూటర్లో ఆ చిరునామా ఉండదు. వీడియోకూ ఇదే సూత్రం. ఎంపీ4 రూపంలో, లింక్ కాకుండా లోపలే పొదగండి. పైగా అసలు వీడియో ఫైలును కూడా విడిగా వెంట తీసుకెళ్లండి.

పటాల్లో (చార్టుల్లో) త్రీడీ వద్దు. వెనక్కి వాలిన గుండ్రటి పై (pie) చార్ట్‌లో ముందున్న ముక్క ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది, అది చూసేవాళ్లను తప్పుదోవ పట్టించడమే. మీరు మాట్లాడబోయే బార్‌కు ఒక రంగు, మిగతావాటికి బూడిద రంగు ఇచ్చి, లెజెండ్ (ఏ రంగు దేనికో చెప్పే పెట్టె) తీసేసి, అంకెలను బార్‌ల మీదే రాయండి. పట్టికకు 5 నిలువు వరుసలు, 6 అడ్డ వరుసలు దాటితే అది తెరకు కాదు, కాగితానికి.

యానిమేషన్లు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి సరిగా వెళ్లవు, పీడీఎఫ్‌లోకి అసలే రావు. అంశాలు ఒక్కొక్కటిగా రావాలంటే స్లైడ్ మెనూలో డూప్లికేట్ స్లైడ్ నొక్కి, మొదటి కాపీలో ఒక అంశం, రెండోదానిలో రెండు, ఇలా పెంచుకుంటూ పోండి. మోటుగా అనిపించినా ఇది ఎక్కడా విఫలం కాదు.

సేవ్ చేయడం, పంపడం

మూల ఫైలు ఎప్పుడూ ఇంప్రెస్ సొంత రూపమైన ఓడీపీ (.odp)లోనే ఉండనివ్వండి. పవర్‌పాయింట్‌వాళ్లకు ఇవ్వాల్సి వచ్చినప్పుడే సేవ్ యాజ్‌లో పవర్‌పాయింట్ రూపమైన పీపీటీఎక్స్ (.pptx) కాపీ తీయండి. రోజూ పీపీటీఎక్స్‌లోనే పనిచేస్తూ పోతే ప్రతి సేవ్‌లోనూ మార్పిడి జరిగి బుల్లెట్లు, ఎడాలు కొద్దికొద్దిగా కదులుతాయి. ఇంగ్లీషుకు కార్లిటో వాడితే అవతల కాలిబ్రితోనూ, లిబరేషన్ సాన్స్ వాడితే ఏరియల్‌తోనూ అక్షరాల వెడల్పు సరిపోలుతుంది, వరుసలు విరగవు. ఫైల్ మెనూలో ప్రాపర్టీస్, అందులో ఫాంట్ ట్యాబ్‌లో ఫాంట్లు పొదగమనే టిక్ ఉంది. లిబ్రెఆఫీస్‌లోనే తెరిచే ఓడీపీకి అది మేలు. పీపీటీఎక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద ఆధారపడకండి.

చెదరకుండా చేరే రూపం పీడీఎఫ్. ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ డైలాగ్‌లో రెండు విషయాలు చూడండి. ఒకటి, యూజర్ ఇంటర్‌ఫేస్ ట్యాబ్‌లో నిండు తెరలో తెరవమనే టిక్. రెండోది హైబ్రిడ్ పీడీఎఫ్. ఇది పెడితే పీడీఎఫ్ లోపలే ఓడీపీ కూడా దాగి ఉంటుంది. ఎవరైనా పీడీఎఫ్‌గా చూడవచ్చు, లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే మార్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఓడీపీ, పీపీటీఎక్స్, పీడీఎఫ్ మూడూ ఉంచుకోండి. అక్కడికి వెళ్లాక పెన్‌డ్రైవ్ మీద నుంచే నడపకుండా ముందు డెస్క్‌టాప్‌కు కాపీ చేసి తెరవండి.

పని మధ్యలో కరెంటు పోతే? ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ కింద జనరల్‌లో ఆటోరికవరీ విరామం 10 నిమిషాలు ఉంటుంది. దాన్ని 3కు తగ్గించండి. పక్కనే బ్యాకప్ కాపీ టిక్ కూడా పెట్టండి.

తెర ముందు

కేబుల్ తగిలించాక విండోస్ మీటతో పి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకుంటే నోట్స్ మీ తెర మీద, స్లైడ్ పెద్ద తెర మీద వస్తాయి. డూప్లికేట్‌లో ఉంటే నోట్స్ చూపే ఈ తెర, అంటే ప్రెజెంటర్ కన్సోల్ రాదు. రెండూ తారుమారైతే స్లైడ్ షో సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే నంబరు మార్చండి.

ఎఫ్5 మొదటి నుంచి మొదలుపెడుతుంది, షిఫ్ట్‌తో ఎఫ్5 ఉన్న స్లైడ్ నుంచి. నడుస్తుండగా బి నొక్కితే తెర నల్లబడుతుంది, డబ్ల్యూ నొక్కితే తెల్లబడుతుంది. అందరూ మీ వైపు చూడాలనుకున్నప్పుడు బి చాలా పనికొస్తుంది.

రిహార్స్ టైమింగ్స్‌తో సాధన చేస్తే ఒక్కో స్లైడ్‌కు ఎంతసేపు పడుతోందో తెలుస్తుంది. అయితే ఆ సమయాలు ఫైలులోనే ఉండిపోయి, అసలు రోజున మీరు మాట్లాడుతుండగానే స్లైడ్‌లు తమంతట తాము ముందుకు పోతాయి. సాధన అయ్యాక సైడ్‌బార్‌లో స్లైడ్ ట్రాన్సిషన్ తెరిచి, మౌస్ క్లిక్‌తోనే ముందుకెళ్లేలా పెట్టి, అన్ని స్లైడ్‌లకూ వర్తింపజేయడం మరిచిపోవద్దు. తెర ఆరిపోయే సమయం, నోటిఫికేషన్లు, సిస్టమ్ అప్‌డేట్‌లు ఆ గంటకు ఆపేయండి.

ప్రశ్నలు వస్తాయనుకున్న అంశాలకు అదనపు స్లైడ్‌లు చేసి ఆఖరి స్లైడ్ తర్వాత ఉంచండి. వాటి నంబర్లు ఒక చీటీ మీద రాసుకుని దగ్గర పెట్టుకోండి. ప్రశ్న వచ్చినప్పుడు 27 అని కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా 27వ స్లైడ్‌కు వెళ్తుంది, 12 అని కొట్టి ఎంటర్ నొక్కితే వెనక్కి వచ్చేయవచ్చు.